గాజు గుమ్మటంలో ముందు కుర్చీ

మే 2, 1949, సోమవారం

మొదటి ట్రిప్పు అయింది. కాళ్ళు పీకేస్తున్నాయి. సాల్ట్ లేక్ సిటీలో కంపెనీ ఇచ్చిన గదిలో మంచం మీద కూర్చుని రాస్తున్నాను.

డెన్వర్ ఆఫీసులో నన్నెవరూ గుర్తుపట్టలేదు. హోస్టెస్ ఉద్యోగానికి పెళ్ళికాని ఆడపిల్లలే కావాలట, నర్సు చదువు చదివి ఉంటే మరీ మంచిదట. పుట్టింటి పేరు చెప్పాను. ఐవా లిండ్. ఐవా గేల్ అని చెప్పి ఉంటే గుమ్మంలోంచే సాగనంపేవాళ్ళు. మా ఆయన థర్మన్ గేల్ పేరు ఈ రైల్వేలో ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

కొత్త బండి తోమిన వెండి చెంచాలా ఉంది. ఐదు పెట్టెల నెత్తిన గాజు గుమ్మటాలు. లోపల చిన్న మెట్లెక్కి పైకి పోతే బండి కప్పు కంటే ఎత్తులో కూర్చుంటాం. చుట్టూ అద్దం, నెత్తిమీదా వంపు తిరిగిన అద్దమే. జనం ఎక్కీ ఎక్కగానే పిల్లల్లా మెట్లకేసి పరిగెత్తారు. కొండలు, నది, గద్దలు అంటూ ఒకటే గోల.

నేను చూడటానికి వచ్చింది కొండల్ని కాదు. ముందు వరుస కుర్చీలో కూర్చుంటే ఇంజను వీపు, దాని అవతల పట్టాలు, పట్టాల పక్కన సిగ్నలు స్తంభం కనిపిస్తాయి. పచ్చ దీపం దగ్గరికొస్తుంది, ఇంజను ముక్కు దాటగానే ఎర్రగా మారుతుంది. ఇన్నాళ్ళూ ఈ సంగతి కళ్ళారా చూసేది ఇంజన్లో ఉన్న ఇద్దరే, డ్రైవరూ, పక్కన సాయంగా ఉండే ఫైర్‌మనూ. ఒకడు అబద్ధమాడితే కాదనడానికి మూడోవాడు ఉండేవాడు కాదు. ఇప్పుడు ఒక్కో గుమ్మటంలో ఇరవైనాలుగు కుర్చీలు ఉన్నాయి. ఇదే గుమ్మటం రెండేళ్ళు ముందొచ్చి ఉంటే నా థర్మన్ ఇవాళ బతికి ఉండేవాడు.

ఎమ్మెట్ ట్రాస్క్, నీ కోసమే వచ్చాను.

మే 4, బుధవారం

తిరుగు ట్రిప్పు. కనుమలో బండి నడిపింది వాడు కాదు. రోజంతా దండగ.

మే 7, శనివారం

మెర్టన్‌లో సిబ్బంది మారినప్పుడు డెల్బర్ట్ క్లూనీ ఎక్కాడు. ముసలి కండక్టరు. నన్ను చూసి టికెట్లు కొట్టడం ఆపి, ఎవరూ లేని చోటికి తీసుకెళ్ళాడు.

"అమ్మాయ్, ఇంటిపేరు మార్చుకుంటే మొహం కూడా మారుతుందనుకున్నావా? నీ పెళ్ళిలో రెండు ముక్కల కేకు తిన్నవాణ్ణి నేను."

"ఆఫీసులో చెప్పేస్తారా?"

"నాకెందుకమ్మా. పింఛను ముంగిట్లో ఉన్నాను. కానీ ఎందుకొచ్చావో తెలీని పిచ్చోణ్ణి కాదు. మానిన పుండు గోక్కుంటే వచ్చేది రక్తమే."

మానిందని ఈయనకెవరు చెప్పారు?

మాట మార్చడానికి గుమ్మటం ఎలా ఉందని అడిగాను. నవ్వాడు. "అద్దాలు, మెత్తలు పెట్టి కొత్తగా కనిపెట్టామంటున్నారు. గూడ్సు బండి చివరి పెట్టె మీద పంజరంలో నేను ముప్పై ఏళ్ళు కూర్చున్నాను. దానికి చలికాలం చలీ, ఎండాకాలం ఎండా. టికెట్టు కొని ఎక్కుతామన్నవాడు ఒక్కడూ రాలేదు. ఇంజను వాళ్ళయితే మండిపడుతున్నారు. ఇరవైనాలుగు మంది అత్తగార్లని వీపుమీద ఎక్కించారు, మేమేం చేసినా వెనకనుంచి చూస్తూనే ఉంటారంటున్నారు."

ఇరవైమూడు మంది సంగతి నాకు తెలీదు. ఒక అత్తగారిని మాత్రం నేను.

మే 8, ఆదివారం

నిద్ర రాలేదు. మళ్ళీ అదే.

1947 అక్టోబరు. సాడిల్ క్రీక్ దగ్గర సిగ్నలు. థర్మన్ డ్రైవరు, ట్రాస్క్ ఫైర్‌మను. సిగ్నలు కనబడగానే ఇద్దరిలో ఒకరు రంగు పైకి చెప్పాలి, పిలవడం అంటారు దాన్ని, రెండోవాడు తన కళ్ళతో చూసి ఆ మాటే తిరిగి అనాలి. అది రూలు. ఆ రోజు బండి సిగ్నలు దాటుకుని వెళ్ళి, ఆగి ఉన్న గూడ్సు చివరి పెట్టెను గుద్దింది. అందులో వాళ్ళు దూకేశారు, ప్రాణాలు పోలేదు. విచారణలో ట్రాస్క్ చెయ్యెత్తి ప్రమాణం చేసి చెప్పాడు, "ఎర్ర దీపం ఉంది. ఎరుపు అని గట్టిగా పిలిచాను. ఆయన ఆపలేదు."

థర్మన్ నోరు విప్పలేదు. కుర్రాడితో బురదలోకి దిగడం ఇష్టం లేక ఊరుకున్నాడు. పెద్దమనిషి. ఉద్యోగం పీకేశారు. ఆ చలికాలం వరండాలో కూర్చుని, వచ్చే పోయే బళ్ళ కూతలు వింటూ పైపు కాల్చుకున్నాడు. తర్వాతి చలికాలం రాకముందే పోయాడు. ట్రాస్క్ కుడివైపు సీట్లో కూర్చున్నాడు, డ్రైవరుగా.

ప్రతి ఆదివారం మా బల్ల దగ్గర కూర్చుని నేను వండిన మాంసం, బంగాళాదుంపలు రెండోసారి వడ్డించుకున్నవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. వీడు లెక్కపెట్టి ఊరుకోలేదు, పీక్కుపోయాడు.

థర్మన్‌కున్న చూపు ఈ డివిజన్ మొత్తంలో ఎవరికీ లేదు. ఎదుటి కొండ మీద మేస్తున్న గొర్రెల్ని లెక్కపెట్టి చెప్పేవాడు.

మే 17, మంగళవారం

ఇవాళ వాడే.

కనుమలోకి రాగానే మైకు పట్టుకుని గుమ్మటం ముందు వరుసకు వెళ్ళాను. అక్కడినుంచి నదినీ కొండల్నీ వర్ణించడం నా పని. ముందు కుర్చీ ఎవరి సొత్తూ కాదు, కాసేపు కూర్చుని ఇంకొకరికి వంతు ఇవ్వాలి. ఊలు అల్లుకుంటున్న ఒక పెద్దావిడ డెన్వర్ నుంచీ కదల్లేదు. "వంతు ఇవ్వండమ్మా" అంటే "నాకు మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఒకసారే ఎక్కగలను, కాబట్టి ఒకసారే దిగుతాను" అంది. నవ్వొచ్చింది. పక్క కుర్చీ ఖాళీ చేయించి నేను కూర్చున్నాను.

కుడివైపు వంపు వచ్చింది. వంపుల్లో డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి వెనక పెట్టెల్ని చూడాలి, చక్రాలు కాలుతున్నాయేమో అని. ట్రాస్క్ తల బయటికొచ్చింది. చక్రాలు చూశాడు. తర్వాత పైకి చూశాడు. నేను టోపీ తీశాను, గుర్తుపట్టడానికి వీలుగా.

తల లోపలికి పోయిన తీరు చూడాలి. తేలు కుట్టిన దొంగ.

మే 18

చాలా రోజుల తర్వాత ఆకలేసింది. రెండు గుడ్లు, పంది మాంసం, మూడు రొట్టెలు తిన్నాను.

మే 29, ఆదివారం

ప్రయాణికులకు చదివి వినిపించమని ఆఫీసు వాళ్ళు కాగితం ఇచ్చారు. అయిదేళ్ళ క్రితం ఇంజన్లు చేసే కంపెనీ పెద్దమనిషి ఒకాయన, ఇలాంటి కనుమలోనే డీజిల్ ఇంజన్లో ఎక్కి వెళుతూ, ఈ దృశ్యం చూడటానికి జనం డబ్బులిస్తారే అనుకున్నాడట. వెళ్ళి బొమ్మ గీసిచ్చాడట. మరుసటేడు ఒక పాత పెట్టె కప్పు కోసి, బల్లపరుపు అద్దాలు బిగించి మొదటి గుమ్మటం చేశారు. అద్దాన్ని వంచడం తర్వాత వచ్చింది. యాభై ఏళ్ళ ముందే కెనడాలో కర్రతో ఇలాంటి గూళ్ళు కట్టి వదిలేశారట.

డెల్బర్ట్ విని, "ఆ పెద్దమనిషి వచ్చినరోజు మన థర్మన్‌నడిగి ఉంటే ముప్పై ఏళ్ళుగా చూస్తున్న దృశ్యం అని చెప్పేవాడు" అన్నాడు. థర్మన్ పేరు ఈ బండిలో పైకి అన్న మొదటి మనిషి ఈయనే. మరుగుదొడ్డిలోకి పోయి ఏడ్చి వచ్చాను.

ఆ పెద్దమనిషికి అందమే కనిపించింది. సిగ్నలు కనిపించలేదు.

జూన్ 9, గురువారం

ట్రాస్క్ నడిపిన ప్రతి ట్రిప్పులోనూ ముందు కుర్చీలో నేనే. కుడి వంపు వస్తుంది, తల వస్తుంది, నన్ను చూస్తుంది, పోతుంది. ఒక్క మాట లేదు. మెర్టన్ ప్లాట్‌ఫారం మీద ఎదురుపడితే టోపీ అంచు ముట్టుకుని పక్కకు తప్పుకుంటాడు. చిక్కిపోయాడు. బాగా చిక్కిపోయాడు.

జూన్ 12, ఆదివారం

ఇంట్లో ఉన్నాను. థర్మన్ బట్టల పెట్టె తీశాను. ఆకుపచ్చ టై గోధుమరంగు సూటు జేబులో ఉంది, గోధుమరంగు టై ఇంకెక్కడో. ఎప్పుడూ అంతే, తారుమారు. చివరి ఏళ్ళలో తోటలోకి వచ్చి "టమాటాలు పండాయా ఐవా?" అని అడిగేవాడు, ఎదురుగా ఎర్రగా వేలాడుతుంటే. మగవాళ్ళకు తోట సంగతి ఏం తెలుస్తుంది.

ఈ డివిజన్ మొత్తంలో ఆయన చూపు ఎవరికీ లేదు.

జూన్ 23, గురువారం

డెల్బర్ట్ సణుగుతున్నాడు. "ట్రాస్క్ గుడ్ల మీద కోడిలా నడుపుతున్నాడమ్మా. పచ్చ దీపం కనిపిస్తున్నా బ్రేకు మీదే చెయ్యి. రోజూ ఆలస్యం. పైనుంచి తిట్లు తింటున్నాడు."

"పాపం" అన్నాను.

"నీ నోట్లో ఆ మాట బాగా లేదు."

"ఏ మాట బాగుంటుంది?"

"ఇంటికెళ్ళి మళ్ళీ నర్సు పని చూసుకుంటానంటే బాగుంటుంది. అమ్మాయ్, భయపడ్డవాడి చేతిలో బండి ఉంది. ఆ బండిలో నువ్వూ నేనూ ఉన్నాం."

భయపడనీ. థర్మన్ ఆ వరండాలో ఎంత భయపడ్డాడో. తలుపు కొట్టినా ఉలిక్కిపడేవాడు.

ఆలస్యం గురించి, కుదుపుల గురించి, కాఫీ ఒలికిన ప్రయాణికురాలి తరఫున నేనే ఒక ఫిర్యాదు పంపాను. ఒలికిన మాట నిజమే. చెంచాడు.

జూలై 6

వాడికి హెచ్చరిక అందిందట. ఆనందంగా ఉందని రాద్దామనుకున్నాను. ఉంది కూడా. కానీ చాలదు. నాకు కావలసింది ఒక్కటే. వాడు ఎర్ర దీపం దాటాలి, నేను చూడాలి.

జూలై 19, మంగళవారం

దాటాడు.

ముందునుంచి రాస్తాను.

హార్లో స్టేషను దగ్గరపడుతోంది. ఉరుములు, వాన. గుమ్మటం అద్దాల మీద నీళ్ళు వెనక్కి పరిగెడుతున్నాయి. కుర్చీలన్నీ నిండాయి, పిల్లలు మెట్ల మీద కూడా కూర్చున్నారు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నా వెనకే. నేను మైకు కట్టేసి ముందు కుర్చీలో ఉన్నాను.

దూరంగా పసుపు దీపం. పసుపు కనబడితే బండి నెమ్మదించాలి, తర్వాతిది ఎరుపు అని అర్థం. కుడి వంపు. ట్రాస్క్ తల బయట ఉంది. నన్నే చూస్తున్నాడు. పసుపు స్తంభం ఇంజను పక్కగా వెళ్ళిపోయింది, నా పక్కగా వెళ్ళిపోయింది. బ్రేకు పడలేదు.

ఎమర్జెన్సీ తాడు మెట్ల పైన, నా చెయ్యి చాపితే అందే చోట ఉంది.

బండి అదే జోరు. వాన. ఇంకొక్క క్షణం చూద్దాం అనుకున్నాను. ఎరుపు కనిపించింది. ఇంకొక్క క్షణం. ఇప్పుడు లాగితే దాటకముందే ఆగిపోతుంది, దాటకపోతే నేరం లేదు. ఇంకొక్క క్షణం.

బ్రేకు ఒక్కసారిగా పడింది. పిల్లలు ముందుకు తూలారు, ఒక పిల్లకి పెదవి చిట్లింది. ఊలు సంచులు, కెమెరాలు, కాఫీ, అన్నీ నేల మీద. బండి కీచుమంటూ జారి జారి ఆగింది. ఆగేసరికి ఇంజను ముక్కు ఎర్ర దీపానికి అవతల ఉంది. కళ్ళారా చూశాను. దానికి ముందు వానలో ఇంకొంచెం దూరంలో గూడ్సు బండి తోక దీపాలు.

వెనక పెళ్ళికూతురు, "అబ్బ, ఎంత అందంగా ఉందో చూడండి, వానలో ఆ ఎర్ర దీపాలు" అంది.

ఇరవైనాలుగు మందిలో చూసింది అందరూ. తెలిసింది నాకొక్కదానికే.

పిల్ల పెదవికి మందు రాశాను.

జూలై 20

ఫైర్‌మను కుర్రాడు అప్పుడు వెనక ఇంజను గదిలో ఏదో గంట మోగితే చూడటానికి వెళ్ళాడట. అంటే సీట్లో ట్రాస్క్ ఒక్కడే. డెల్బర్ట్‌కి "పట్టాల మీద జింక" అని చెప్పాడట. మళ్ళీ అబద్ధం.

రేపు మెర్టన్‌లో దిగి సూపరింటెండెంటు దగ్గరికి వెళతాను. దొరికాడు.

జూలై 21, గురువారం

వెళ్ళలేదు.

మెర్టన్ స్టేషను ఫలహారశాలలో కాఫీ తాగుతుంటే ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. మధ్యాహ్నం, జనం తక్కువ. దగ్గరనుంచి చూసి ఎన్నాళ్ళయిందో. చెంపలు లోపలికి పోయాయి.

"చూశావు కదా?" అన్నాడు.

"చూశాను."

"చెబుతావా?"

"నీ మొహం ఎదుటే చెబుతాను. చెయ్యెత్తి ప్రమాణం చేసి. నీకు అలవాటేగా అది."

తల ఊపాడు. "చెప్పు. నేను కాదనను. జింకా లేదు, గింకా లేదు. నేను వెనక్కి చూస్తున్నాను, ఐవా. పైన నువ్వున్నావా లేదా అని. రెండు నెలల నుంచీ నేను చూస్తున్నది అదొక్కటే."

"థర్మన్ కూడా పైనుంచి చూస్తూనే ఉన్నాడు."

అప్పుడు వాడు నవ్వాడు. నవ్వు కాదది. "చూస్తున్నాడా? ఏ రంగులు చూస్తున్నాడు?"

కప్పు కింద పెట్టాను.

"నీకు తెలుసనుకున్నాను" అన్నాడు. "నువ్వు నర్సువి, ఒకే కప్పు కింద ఉన్నావు, తెలీకుండా ఎలా ఉంటుందనుకున్నాను. ఆయనకి ఎరుపూ పచ్చా ఒకటైపోయాయి ఐవా. ఆ పైపు వల్లేనని నా అనుమానం, నిద్ర లేచింది మొదలు నోట్లో అదేగా. గొర్రెలు కనబడేవి, స్తంభం కనబడేది, రంగు కనబడేది కాదు. రెండేళ్ళు. రెండేళ్ళపాటు నేనే ముందు పిలిచాను, ఆయన నా మాట విని తిరిగి అనేవాడు. పచ్చ అంటే పచ్చ. పసుపు అంటే పసుపు. ఆయన కళ్ళు నా నోట్లో ఉండేవి."

"అబద్ధం."

"ఆదివారాలు మీ ఇంటికి ఎందుకొచ్చేవాణ్ణి? నీ వంట కోసమా? వంట బాగుండేది, కాదనను. డాక్టరు దగ్గరికి వెళ్ళు అన్నా, నీకు దణ్ణం పెడతానన్నా అని బతిమాలడానికి. నువ్వు గిన్నెలు తోముతుంటే మేం వరండాలో అదే మాట్లాడుకునేవాళ్ళం. ఆ రోజు పొద్దున కూడా అడిగాను. నువ్వెళ్ళకపోతే నేనే చెబుతాను ఆఫీసులో అన్నాను. ఆయన ఏమన్నాడో తెలుసా? నా సీటు కోసం కాచుక్కూచున్న గుంటనక్కవి అన్నాడు. ఇంకో బండి ఎక్కబోతున్న కొత్త ఫైర్‌మను ముందర, అందరి ముందర. నాకు ఒళ్ళు మండింది."

ఇక ఆపమని చెబుదామనుకుంటూనే విన్నాను.

"సాడిల్ క్రీక్‌లో ఎర్ర దీపం దూరంనుంచే కనబడింది. నేను నోరు విప్పలేదు. నీకు కళ్ళున్నాయిగా, నువ్వే చూసుకో అనుకున్నా. ఒక్కసారి భయపడితే తెలుస్తుంది, అప్పుడు డాక్టరు దగ్గరికి తనే పోతాడు అనుకున్నా. నోరు పెగల్లేదని చెప్పను. పెగిలేదే. ఇంకొక్క క్షణం చూద్దాం, ఇంకొక్క క్షణం అనుకుంటూ మూసుకుని కూర్చున్నా. తర్వాత పిలిచానని ప్రమాణం చేశా. ఆయన నా వైపు చూశాడు. పిలవలేదని ఆయనకి తెలుసు. కానీ పిలవలేదు అంటే, నీ కళ్ళేమయ్యాయి అని అడుగుతారు. అందుకని ఊరుకున్నాడు. ఇద్దరం ఒకళ్ళ నోరు ఒకళ్ళం మూసుకున్నాం."

కాఫీ చల్లారిపోయింది. వాడు లేచి, టోపీ పెట్టుకుని, "వెళ్ళి చెప్పు. నాకూ నిద్ర పట్టి చాలా కాలమైంది" అన్నాడు.

జూలై 22

అబద్ధాలకోరు. అంతా అబద్ధం. చచ్చినవాడు లేచి వచ్చి కాదనలేడని.

జూలై 23

టమాటాలు.

జూలై 24, ఆదివారం

ఇంకొక్క క్షణం. ఆ మాట వాడికెలా తెలిసింది? నేను ఎవరికీ చెప్పలేదు. ఈ డైరీలో తప్ప ఎక్కడా లేదు. పందొమ్మిదో తారీకు పేజీ తిరగేసి చూశాను. ఉంది, నా చేతిరాతే. వాడెప్పుడూ ఇది చూడలేదు. ఎరుపు చూస్తూ కక్షతో నోరు మూసుకుని కూర్చున్నవాళ్ళకు వచ్చే మాట అదొక్కటే కాబోలు.

వాడు భయపెడదామనుకున్నాడట, ఒక మనిషిని. నేను పిల్లలతో నిండిన గుమ్మటంలో కూర్చుని, నేరం పూర్తి కానీ అని ఎదురుచూశాను. ఆ పెళ్ళికూతురి పేరు నాకు తెలుసు, నేనే టికెట్టు చూశాను. కోరలీ.

వాడిది తక్కువా నాది తక్కువా అని పొద్దుటినుంచీ తూకం వేస్తున్నాను. ఎటు తూచినా వాడి మీద కోపం తగ్గడం లేదు. అదే వింత. నిజం తెలిస్తే పగ చల్లారుతుందంటారు. నాకు ఇంకా మండుతోంది. థర్మన్ మీద కూడా. ఏడేళ్ళు ఒకే మంచం మీద పడుకుని నాకు చెప్పకుండా వాడికి చెప్పుకున్నందుకు.

జూలై 25, సోమవారం

సూపరింటెండెంటు ఆఫీసుకు వెళ్ళి చెప్పాను. విచారణ పెడతారట.

ఆగస్టు 4, గురువారం

అయిపోయింది.

మెర్టన్ ఆఫీసులో పైగది. కిటికీ తెరిచినా గాలి లేదు. సూపరింటెండెంటు, టైపు కొట్టే అమ్మాయి, డెల్బర్ట్, ఆ ఫైర్‌మను కుర్రాడు, ట్రాస్క్, నేను. మొదట అసలు పేరు చెప్పాను. ఐవా గేల్. టైపు చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

పసుపు, వంపు, వాన, ఎరుపు, అన్నీ చెప్పాను. సూపరింటెండెంటు విని, కళ్ళజోడు తీశాడు.

"పసుపు దాటినప్పుడే బండి ఆగదని మీకు తెలిసింది, అంతేనా?"

"అవును."

"ఎమర్జెన్సీ తాడు?"

"చేతికందే దూరంలో ఉంది."

"మరి?"

జవాబు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్ళాను. భయంతో కొయ్యబారిపోయానని చెబుదామనుకున్నాను. ఆడవాళ్ళు అలా అంటే నమ్ముతారు. నోరు తెరిచాక వేరే మాట వచ్చింది. "లాగలేదు. ఆయన ఎరుపు దాటాలని కోరుకున్నాను. దాటేదాకా ఆగాను."

డెల్బర్ట్ కిటికీ వైపు తిరిగాడు. టైపు చప్పుడు లేదు. "అది కూడా కొట్టమ్మా" అన్నాడు సూపరింటెండెంటు ఆ అమ్మాయితో, మెల్లగా.

తర్వాత ట్రాస్క్ వంతు. అంతా నిజమే అన్నాడు. జింక లేదన్నాడు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అంటే లేచి నిలబడ్డాడు.

"ఉంది సార్. నలభైఏడులో సాడిల్ క్రీక్ దగ్గర నేను ఎరుపు పిలిచానని ప్రమాణం చేశాను. పిలవలేదు. పొద్దున ఆయనతో మాటామాటా అనుకుని, కోపంతో నోరు మూసుకున్నాను. ఆయన ఫైలులో ఆ మాట రాయండి."

సూపరింటెండెంటు కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. ట్రాస్క్‌కీ తెలుసు.

"నువ్వు పిలవకపోతేనేం? గేల్‌కి కళ్ళు లేవా? ఎర్ర దీపాన్ని ఆయనెందుకు చూడలేదు?"

ట్రాస్క్ నా వైపు చూశాడు. వాడిష్టం. ఒక్క మాట అంటే వాడి నేరంలో సగం పోతుంది. గుడ్డి డ్రైవరుతో రెండేళ్ళు వేగిన మంచి ఫైర్‌మను అవుతాడు. ఉద్యోగం కూడా మిగలొచ్చు. థర్మన్ గేల్ ఆ రెండేళ్ళూ వందలమందిని రంగులు తెలియకుండా లాక్కెళ్ళాడని ఈ లోయ మొత్తం చెప్పుకుంటుంది. నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

"పొద్దుగూకే ఎండ సార్" అన్నాడు ట్రాస్క్. "సరిగ్గా ఆయన కళ్ళలో పడింది. నా వైపు నీడ. అందుకే నేను పిలవాల్సింది. ఆయన చూపుకేం లోటు లేదు."

ఆ రోజు మబ్బు. నాకు బాగా గుర్తు, బట్టలు ఆరలేదు. సూపరింటెండెంటు నన్ను అడిగాడు, "మీకు తెలిసినది ఏమైనా ఉందా మిసెస్ గేల్, మీ భర్త చూపు గురించి?"

"ఆయన చూపు బాగుండేది" అన్నాను.

ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ట్రాస్క్‌ది అక్కడికక్కడే, నాది పేరు దాచినందుకూ తాడు లాగనందుకూ. థర్మన్ ఫైలు సరిచేస్తామన్నారు. కోరుకున్నదంతా దొరికింది.

మెట్లు దిగుతుంటే ట్రాస్క్ కింద ఆగి ఉన్నాడు. ఎండకి కళ్ళు చికిలించాడు.

"సరిపోయిందా ఐవా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

తల ఊపి పట్టాల వైపు వెళ్ళిపోయాడు. వెనక్కి పిలవలేదు. సరిపోలేదు, నిజంగానే. చచ్చేదాకా సరిపోదేమో. కానీ థర్మన్ ఎలా ఉండేవాడో, ఉన్నది ఉన్నట్టు ఎప్పుడైనా మాట్లాడుకోవాలంటే, ఈ లోకంలో నాకు మిగిలింది వాడొక్కడే.